మా ఆడపడుచు వెళ్ళిన రెండు ఇంటర్వ్యూలు

మా ఆడపడుచుకు మొదటిసారి ఉద్యోగం రాకుండా పోయింది నా వల్లే. రెండోసారి వచ్చింది కూడా నా వల్లే అని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ రెండో మాట నిజం కాదు. కానీ నేను ఎవరినీ దిద్దలేదు.

ఆమె మా ఇంటాయనకు చెల్లెలు. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోయాడు. ఇరవై ఏళ్ళ వయసులో ఒక రేకు పెట్టె పట్టుకుని మా ఇంటికి తిరిగొచ్చింది. మాది తోటపల్లి గూడూరు పక్కన చిన్న పల్లె. ఉన్నది మూడెకరాల మాగాణి, అందులో సముద్రం వైపు చెక్క ఉప్పెక్కి ఏడాది విడిచి ఏడాది పండేది. ఇంట్లో మా ఇద్దరు ఆడపిల్లలు. ఆమె వచ్చిన రోజు నుంచి ఎసట్లో రోజుకు సోలెడు బియ్యం ఎక్కువ పడేవి. పనికి ఒళ్ళు దాచుకునే మనిషి కాదు. అయినా ఆ సోలెడు నా కళ్ళ ముందు నుంచి పోయేది కాదు.

నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. ఆమె ఎనిమిది ప్యాసైంది. ఆ ప్యాసైన కాగితాన్ని పెట్టె అడుగున, మొగుడు కొనిచ్చిన నీలం వాయిలు చీర మడతలో దాచుకుంది. ఒకరోజు ఆ కాగితం నా కంటబడింది. చదువుకున్న మనిషి నా ఇంట్లో కూర్చుని పిడకలు చేయడం ఏమిటనిపించింది. జాలితో కాదు. కాగితం వృథాగా పడి ఉందని.

అదే సమయంలో గూడూరు టౌనులో మా మేనమామ ఇంటి నుంచి కబురొచ్చింది, పదిమందికి వండిపెట్టే మనిషి కావాలని. జీతం లేదు, తిండీ బట్టా ఇస్తారు. ఆ ఇంటి సంగతి మా ఆడపడుచుకు బాగా తెలుసు. అంతకుముందు వండిన ముసలామె పొయ్యి దగ్గరే పడి ప్రాణం వదిలితే, వాళ్ళు ముందు అడిగింది అన్నం దించిందా లేదా అని.

"కోతలయ్యే లోపల నీకు ఉద్యోగం వస్తే సరి" అన్నాను. "రాకపోతే గూడూరికి పోతావు."

"అన్నేమన్నాడు వదినా?"

"మీ అన్న ఏమంటాడు? నేను చెప్పిందే అంటాడు."

అవి పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులు. ఊరూరా బాలవాడి అని పెడుతున్నారు. చిన్నపిల్లలను కూర్చోబెట్టి ఆటాపాటా నేర్పి, పాలపొడి కలిపిచ్చే బడి అది. ఎనిమిది చదివిన ఆడవాళ్ళను టీచర్లుగా తీసుకుంటారని తెలిసి, నెల్లూరు తీసుకెళ్ళి ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించాను. సమితి ఆఫీసులో దరఖాస్తు ఇప్పించాను. దరఖాస్తు ఇచ్చి ఇంట్లో కూర్చునే రకం కాదు నేను. టీచర్ల కంటే ముందు ఆయాలకు ఇంటర్వ్యూలు జరుగుతాయని విని, ఆ రోజు నాలుగు మైళ్ళు కాలువ గట్టు మీద నడిచి, ఆకూ వక్కా కొంగున కట్టుకుని సమితి గేటు దగ్గర నిలబడ్డాను. బయటికొచ్చిన ప్రతి మనిషికీ ఒక ఆకు ఇచ్చి, లోపల ఏమడిగారో అడిగేదాన్ని.

బంట్రోతు వచ్చి, "ఏమ్మా, నీ పేరుండాదా?" అన్నాడు.

"లేదు."

"మరెందుకు నిలబడుండావు?"

"ఎండ కాచుకుంటుండా."

పట్టపగలు, వైశాఖ మాసం. వాడు నన్ను ఎగాదిగా చూసి పోయాడు.

అట్లా పోగేసుకున్నాను. పిల్లవాడు చింతగింజ ముక్కులో పెట్టుకుంటే ఏం చేస్తావు? రేచీకటి రాకుండా ఏం తినిపించాలి? ఒక పిల్లల పాట పాడు. ఇట్లాంటివి. చివరికి చిరుగుల చీరలో ఒక విధవరాలు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూ వచ్చింది. ఉద్యోగం ఆమెకే ఇచ్చారట.

"ఎట్టా ఇచ్చినారు?" అన్నాను.

"ఏముందక్కా, నీకెవురుండారని అడిగింది ఆఫీసరమ్మ. ఎవురూ లేరని బోరుమన్నా. ఆమె కూడా కండ్లు తుడుచుకునింది."

నాకు దారి దొరికిందనుకున్నాను. అదే నేను చేసిన పొరపాటు. ఆయా వెనక గిన్నెలు కడిగే మనిషి. టీచరు ముందు నిలబడే మనిషి. రెండు ఉద్యోగాలకూ ఒకే ఏడుపు పనికిరాదని నాకు తట్టలేదు.

మర్నాటి నుంచే నేర్పించడం మొదలుపెట్టాను. పనులు ఆపి నేర్పించేంత తీరిక మా ఇంట్లో లేదు. ఆమె వడ్లు దంచుతుంటే నేను బోర్లించిన గంప మీద ఆఫీసరమ్మలాగా కూర్చుని, రోకటి పోటుకూ పోటుకూ మధ్య ప్రశ్న వేసేదాన్ని. జవాబు తప్పితే ఇంకో రెండు మానికల వడ్లు దంచాలి. చింతగింజకూ రేచీకటికీ చకచకా చెప్పేది. అసలు ప్రశ్న దగ్గర ఆగిపోయేది.

"నీకెవరున్నారు?"

"అన్న ఉండాడు గదా వదినా. నువ్వుండావు."

"మేమున్నామంటే నీకెవురిస్తారు ఉద్యోగం? ఎవరూ లేరండి, అను."

రోకలి గాల్లోనే ఆగిపోయేది. ఆ ఒక్క జవాబు కోసం ఆమె దంచినన్ని వడ్లు ఆ ఏడు ఇంకే పనికీ దంచలేదు. అరచేతులు బొబ్బలెక్కి, చివరికి చెప్పింది. "ఎవరూ లేరండి." పోటుకొకసారి చెప్పించాను, నిద్రలో లేపినా అదే రావాలని.

పాట విషయంలో మాత్రం వద్దన్నాను. "మొగుడు పోయినదానివి, చేతులు తిప్పుతా పాటలు పాడితే ఎవురన్నా జాలిపడతారా? పాట రాదని చెప్పి తలొంచుకో."

ఇంటర్వ్యూ కార్డు వచ్చిన రోజు ఆమె ఆ నీలం వాయిలు చీర తీసి మంచం మీద పరిచింది. నేను దాన్ని మడిచి పెట్టెలో పడేసి, నా పాత చీర, మోకాటి దగ్గర మాసిక వేసింది, చేతికిచ్చాను. తలకు నూనె రాయనివ్వలేదు. చెప్పులు గేటు బయటే విడిపించాను.

నేను వరండాలో తలుపు పక్కనే కూర్చున్నాను. లోపల దళసరి కళ్ళద్దాల ఆఫీసరమ్మ, ఇద్దరు మగవాళ్ళు. వాళ్ళలో ఒకాయన మా ఇంటాయనను ఎరిగినవాడని తర్వాత చూసుకున్నాను.

"నీకెవరున్నారమ్మా?"

"ఎవరూ లేరండి." నేను చెప్పిన చోటే ఏడుపు అందుకుంది. బాగానే ఉందనుకున్నాను.

"ఎవరూ లేకపోతే ఎక్కడుంటున్నావు? ఇంతదూరం ఎవరితో వచ్చావు?"

అది నేను నేర్పలేదు. ఎండ కాచుకునే నన్ను మరచిపోని బంట్రోతు అందుకున్నాడు. "వాళ్ళ వదిన బయట కూచోనుందమ్మా. పోయిన నెలలో కూడా వచ్చి గేటు కాడ నిలబడుండె."

నన్ను పిలిచారు.

"మీరుండగా ఈ అమ్మాయి ఎవరూ లేరంటోందేమిటి?" అంది ఆఫీసరమ్మ.

నేనే నేర్పానని చెప్పి ఉండొచ్చు. కానీ మా ఇంటాయనను ఎరిగిన ఆయన నావైపే చూస్తున్నాడు. ఇంటి ఆడబిడ్డ చేత ఎవరూ లేరనిపించిందని ఊరంతా పాకుతుంది. ఒక్క క్షణమే ఆలోచించాను.

"మొగుడు పోయినప్పటి నుంచి దానికి మతి సరిగా లేదమ్మా. ఏం మాట్లాడతాదో దానికే తెలీదు."

ఆమె తలతిప్పి నన్ను చూసింది. ఏడుపు టక్కున ఆగిపోయింది. ఆఫీసరమ్మ కలానికి మూత పెట్టేసింది. మతి సరిగా లేని మనిషి చేతికి పిల్లలను ఎవరిస్తారు?

తిరిగి వస్తూ గట్టు పొడవునా తిట్టాను. "ఎవురితో వచ్చినావంటే, దారిన పోయేవాళ్ళతో వచ్చినా అనలేవా? ఎనిమిది చదివినావు, ఎందుకూ?"

"మతి లేనిదాన్ని గదా వదినా. నన్నడిగితే ఏం లాభం?" అంది.

గూడూరికి కబురు పెట్టాను, కోతలు కాగానే మనిషి వస్తుందని. పిల్లలకు పావడాలు చినిగిపోయి ఉన్నాయి. గూడూరులో పొయ్యి దగ్గర కూర్చునే మనిషికి వాయిలు చీర ఎందుకని, ఆ నీలం చీర తీసి కత్తెర పట్టుకున్నాను. "ఆ కొస బిగించి పట్టుకో" అన్నాను. పట్టుకుంది. నేను కత్తిరించాను. కుట్టు నాకంటే ఆమెకే బాగా వచ్చు. రెండు పావడాలూ ఆమే కుట్టింది, ముక్క వృథా కాకుండా.

కోతలు మొదలయ్యాయి. ఒకరోజు కళ్ళంలో వడ్లు తూర్పారబడుతూ, ఇంకో చేట కోసం ఇంటికొచ్చాను. నా పెట్టె మూత తీసి ఉంది. నా పసుపుపచ్చ వెంకటగిరి చీర లేదు. సన్న జరీ అంచుది. నా పెళ్ళయ్యాక దాన్ని రెండే సార్లు కట్టాను, పాడవుతుందని.

నీలం పావడాతో గుమ్మంలో ఆడుకుంటున్న మా పెద్దపిల్ల చెప్పింది. "అత్త కట్టుకుని సమితికి పోయింది. నెల్లూరు నుంచి ఇంకో కార్డు వచ్చిందంట. నీకు చెప్పొద్దనింది."

వడ్ల కుప్ప అట్లాగే వదిలి పరుగెత్తాను. ఉద్యోగం కోసం కాదు, చీర కోసం. జరీ అంచు చీరలో విధవరాలిని చూస్తే వాళ్ళేమంటారోనన్న భయం కూడా ఉంది. ఆఫీసు చేరేసరికి ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ముందు నుంచి వెళ్ళే ముఖం లేక, వెనకవైపు కిటికీ దగ్గర నిలబడ్డాను. బంట్రోతు అక్కడ బీడీ కాలుస్తున్నాడు. "ఈరోజు నీడ కాచుకుంటుండావా?" అన్నాడు.

"పోయినసారి వచ్చి ఏడ్చిన అమ్మాయివి కదూ?" లోపల ఆఫీసరమ్మ అడుగుతోంది.

"ఏడవమని నేర్పించి పంపినారండి."

"మీ వదిన ఒక మాట చెప్పింది."

"చెప్పింది. నేనూ విన్నాను. మీకిష్టమైన ప్రశ్నలు అడగండి. మతి ఉందో లేదో మీరే తేల్చండి."

అడిగారు. చింతగింజకు జవాబు చెప్పింది. రేచీకటికి మునగాకు, బొప్పాయి అని చెప్పింది. పాట పాడమంటే, ఎండ్రకాయ మీద తనే కట్టిన పాట పాడుతూ, రెండు చేతుల వేళ్ళూ బల్ల మీద పక్కకు పక్కకు నడిపించింది. ఆమె గొంతు అంత బాగుంటుందని నాకు తెలియదు. మా ఇంట్లో ఒక్కసారీ పాడనివ్వలేదు.

"ఉద్యోగం ఇక్కడ కాదు. సముద్రం ఒడ్డున, చేపలు పట్టేవాళ్ళ పాళెంలో" అంది ఆఫీసరమ్మ. "మంచినీళ్ళకు మైలు నడవాలి. ముగ్గురు వద్దని పోయారు. నీకెవరున్నారమ్మా?"

నేను కిటికీ ఊచ పట్టుకున్నాను.

"అన్నా వదినా ఉండారండి."

"అంతా ఉండగా అంతదూరం ఎందుకు పోవడం?"

"వాళ్ళుండబట్టే వచ్చినానండి."

ముగ్గురూ ఒక్కసారిగా నవ్వారు. ఆఫీసరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ నవ్వింది. బంట్రోతు నా పక్కనే నిలబడి, బీడీ పొగ పొలమారేదాకా నవ్వాడు. సోమవారం చేరమని కాగితం అప్పుడే రాసిచ్చారు.

బయటికొచ్చి నన్ను చూసింది. అదరలేదు, బెదరలేదు. "చీరకేం కాలేదు వదినా" అంది.

"తిరుగు, చూస్తాను."

ఆఫీసు ముందు, నలుగురూ చూస్తుండగా, నిదానంగా చుట్టూ తిరిగింది. నేను వంగి అంచు మొత్తం చూశాను. గట్టు మీద నడిచేటప్పుడు బురద తగలకుండా కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుంది. ఇంటికొచ్చి ఉతికి, నీడన ఆరేసి, మడతపెట్టి నా చేతికిచ్చింది. కొంగు దగ్గర చిన్న సిరా మరక ఉంది, సంతకం పెట్టినప్పుడు పడింది. పెరుగు రాసి రుద్దాను. పోలేదు.

సోమవారం రేకు పెట్టె తీసుకుని వెళ్ళిపోయింది. మేనమామకు మనిషి లేదని కబురు పెడితే, ఆయన రెండేళ్ళు మాతో మాట్లాడలేదు. ఎసట్లో సోలెడు బియ్యం తగ్గాయి. వడ్లు నేనే దంచుకున్నాను.

అప్పటి నుంచి చుట్టుపక్కల ఆడపిల్లలకు కార్డు వస్తే నా దగ్గరికి పంపేవాళ్ళు, ఆడపడుచును నేనే తయారుచేశానని. ముందు వాకిలి ఊడిపించి, ఆ తర్వాత చెప్పేదాన్ని. ఆ ఉద్యోగం ఏం పని చేయడానికో తెలుసుకుని పో. మంచి చీర కట్టుకో. నీ వాళ్ళను వెంట తీసుకుపోవద్దు. ఈ మూడూ విన్నవాళ్ళలో నలుగురికి ఉద్యోగాలొచ్చాయి.

ఆమె మళ్ళీ మా ఇంటికి రాలేదు. పాళెం నుంచి చేపలు తెచ్చే ఆమె ఎప్పుడైనా కబుర్లు చెప్పేది. పిల్లలంతా ఇసకలో వేళ్ళతో ఎండ్రకాయల్లాగా పాకుతున్నారట. టీచరమ్మకు ఊళ్ళో వాళ్ళే గుడిసె వేసిచ్చారట.

"మా సంగతి ఏమన్నా అడుగుతాదా?" అన్నాను ఒకసారి, చేపల బేరం మధ్యలో.

ఆమె చేపను తోక పట్టుకుని నాకు చూపించింది. "మేమే అడిగినామమ్మా, నీకెవురుండారు టీచరమ్మా అని. ఎవురూ లేరనింది."

"ఏడ్చిందా?"

"ఏడవలేదే. పాలు కలుపుతా చెప్పింది."

తడబడకుండా చెప్పిందన్నమాట. నేను బేరం తెగ్గొట్టి, ఆ చేపలు తీసుకుని లోపలికొచ్చాను.