పక్కింటాయన కట్టిన రేటు

1986. నరసరావుపేటలో రైలుకట్ట అవతలి పొలాలన్నీ ప్లాట్లుగా మారుతున్న రోజులు. నేను ఇళ్ళ బ్రోకర్ని. మా వ్యాపారంలో కొనేవాడైనా అమ్మేవాడైనా ‘పార్టీ’యే. ఆ ఇద్దరినీ ఒక రేటు దగ్గరికి తేవడం మా పని. పిలవకుండా వచ్చే మూడో పార్టీ కూడా ఒకటి ఉంటుందని ఆ ఏడాదే తెలిసింది.

మస్తాన్ ఆయిలింజన్ల మెకానిక్. కట్ట అవతల నాలుగిళ్ళు కూడా లేనప్పుడే రెండు గదుల డాబా వేసుకున్నాడు. చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లుల పక్కన ఒక షెడ్డు అమ్మకానికి వచ్చింది. పత్తి సీజను మొదలయ్యేలోగా డబ్బు కడితే అతనిది, లేకపోతే ఇంకొకరిది. అందుకని ఇల్లు అమ్మి పెట్టమన్నాడు. ఆ చుట్టుపక్కల ఈమధ్య పోయిన ఇళ్ళ ధరలు చూసి అరవై వేలు రేటు కట్టాను. మస్తాన్, అతని భార్య ఫాతిమా సరేనన్నారు.

పక్కింటి బసవయ్య గారు మాత్రం సరేననలేదు. ఆయన రిటైరైన గుమాస్తా. వీధిలో ఒక ఇల్లు ఎంతకు పోతే మిగతా ఇళ్ళకూ అదే లెక్క కడతారు కాబట్టి, మస్తాన్ ఇంటి ధర ఆయనకు సొంత విషయమైపోయింది.

“ఒరేయ్ మస్తానూ, అరవైకిస్తే వీధి పరువు పోద్దిరా. డెబ్బై చెప్పు.”

డెబ్బై చెప్పాడు. చూడ్డానికొచ్చిన పార్టీ ఇచ్చిన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. అంత బెదిరిపోయాడంటే ఇల్లు గొప్పదన్నమాటేనని బసవయ్య గారు తేల్చి, ఈసారి ఎనభై చెప్పించారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“నీకు కావాల్సింది షెడ్డా, ఆయన మెప్పా?” అని మస్తాన్‌ని నిలదీశాను.

“ఏం చెయ్యమంటావన్నా. రోజూ అరుగు మీద కూచుని అదే చెప్తా ఉంటే, నిజమేనేమో అనిపిస్తది.”

ఇట్లా పార్టీలు వస్తూ పోతూ ఉండగా షెడ్డు గడువు దగ్గరపడింది. చివరికి రాజుపాలెం రైతు కోటయ్య దొరికాడు. పిల్లల చదువుకి నరసరావుపేటలో ఇల్లు కావాలన్నాడు. నోరు నొప్పెట్టేదాకా మాట్లాడి అతన్ని అరవైకి ఒప్పించాను. టోకెన్ అడ్వాన్సు, అంటే బేరం ఖాయమని ముందుగా ఇచ్చే కొద్ది మొత్తం, జేబులో పెట్టుకునే నాతో మస్తాన్ ఇంటికి వచ్చాడు. మేం కూర్చున్నామో లేదో బసవయ్య గారు హాజరు.

“ఎనభైకి దమ్మిడీ తగ్గేది లేదు,” అన్నారు, ఇల్లు తనదైనట్టు.

గుమ్మం వెనక నుంచి ఫాతిమా బయటికొచ్చింది. “బాబాయ్ గారూ, ఆ ఎనభై మీరే ఇచ్చి తీసుకోండి. రేపే ఖాళీ చేస్తాం.”

బసవయ్య గారు ఉలిక్కిపడ్డారు. “మాకెందుకమ్మా ఇది? ఆ బావినీళ్ళకి పప్పు ఉడకదు. వానొస్తే కట్ట నీళ్ళన్నీ మీ వాకిట్లోకే. పడమటి గోడ చూడు, పైనించి కిందదాకా బీటలిచ్చింది. ఎనభై ఎవడిస్తాడు దీనికి?”

కోటయ్య లేచి వెళ్ళి పడమటి గోడ చూసి వచ్చాడు. బసవయ్య గారి నోరు నా చేత్తో మూసెయ్యాలనిపించింది, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

“యాభై రెండు. ఇష్టమైతే ఇప్పుడే అడ్వాన్సు ఇస్తా, లేదంటే పోతా,” అన్నాడు కోటయ్య.

షెడ్డు గడువుకి వారం కూడా లేదు. మస్తాన్ తలొంచుకుని అడ్వాన్సు తీసుకున్నాడు. పోయిన ఎనిమిది వేలతో షెడ్డులోకి వెల్డింగ్ మిషను కొనాలనుకున్నారట. ఫాతిమా ఆ మాట చెబుతూ ఏడ్చింది. నాకు చానా బాధేసింది. మర్నాడు పొద్దున్నే బసవయ్య గారు మా ఇంటికొచ్చి, “వీధి రేటు పాడుచేశావు గదయ్యా,” అని నన్నే తిట్టిపోయారు.

అప్పట్నించి ఏ ఇంటికైనా రేటు కట్టేముందు పక్కింటికి వెళ్ళి, మీరే కొంటారా అని అడుగుతున్నాను. వాళ్ళు చెప్పే వంకలన్నీ పోగా మిగిలిందే నా రేటు. ఇంతవరకూ పెద్దగా తప్పలేదు.

రెండేళ్ళ తర్వాత బసవయ్య గారే వచ్చారు, ఇల్లు అమ్మి కొడుకు దగ్గరికి గుంటూరు వెళ్ళిపోతారట. “మన ఇంటికి ఎంత చెప్పొచ్చంటావు?” అన్నారు.

నేను చెప్పులు వేసుకున్నాను. “కూచోండి బాబాయ్ గారూ. పక్కింటి కోటయ్యని అడిగొస్తా.”