అర టీచరు

నేను దర్జీని. వార్డు మెంబరునెలా అయ్యానంటే, అది నా గొప్ప కాదు. మా వీధి తరఫున నిలబడాల్సిన పెద్దమనిషి తీరా సమయానికి జ్వరమని మంచమెక్కితే, నా కొట్టు ముందు చేరిన జనం, "నువ్వే నిలబడరాదూ, రోజంతా ఖాళీగానే ఉంటావుగా" అన్నారు. నడుం విరిగేలా మిషను తొక్కేవాడు వాళ్ల కంటికి ఖాళీగా కనిపించాడు. నాకు మాత్రం అది పొగడ్తలా వినిపించింది. గెలిచాక నాకు నేనే ఒక కోటు కుట్టుకున్నాను. ఊరందరి కొలతలూ తీసేవాణ్ణి, నా కోటు చంకల్లో పట్టేసింది. చెయ్యి పైకి లేచేది కాదు. అందుకని మొదటి ఏడాదంతా ఏ తీర్మానానికీ చెయ్యెత్తలేదు. ఎవరికీ లొంగని మనిషని పేరొచ్చింది.

మా కౌన్సిల్లో ఒక ఆనవాయితీ ఉంది. బడ్జెట్ రోజున మెంబరు ఏదడిగినా ఛైర్మన్ గారు సగానికి కోసేస్తారు. కాబట్టి అందరూ రెట్టింపు అడుగుతారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆయనకు తెలుసని మాకూ తెలుసు. రెండు కుళాయిలు అడిగినవాడు ఒకటి పట్టుకుని సంతోషంగా ఇంటికి పోతాడు.

ఆ ఏడు మా బడిలో నాలుగో తరగతి టీచరమ్మ కాంట్రాక్టు అయిపోవచ్చింది. పోస్టు మళ్లీ మంజూరు కాకపోతే ఆ తరగతి ఎత్తేస్తారు. పిల్లలు లారీలు తిరిగే పెద్ద రోడ్డు దాటి అవతలి బడికి పోవాలి. వాళ్లలో నా మనవరాలు ఒకతె. టీచరమ్మ కొట్టుకొచ్చి మరీ చెప్పింది.

"బాబాయిగారూ, మర్చిపోకండి. ఇద్దరు టీచర్లు కావాలనడగండి. అప్పుడే నేనొక్కదాన్ని మిగులుతాను."

"చదువు దగ్గర కూడా బేరాలేంటమ్మా! ఉన్నదున్నట్టు అడుగుతాను. నిజాయితీగా అడిగితే కాదనేదెవరు?" అన్నాను. ఆ మాట నాకెంత ముద్దొచ్చిందంటే, ఆ రోజు కొట్టుకొచ్చిన ప్రతివాడికీ దాన్ని వినిపించి పంపాను.

సభలో లేచి, గొంతు సవరించుకుని, పిల్లల భవిష్యత్తు గురించి దంచేశాను. "మాకు ఒక్క టీచరు చాలు. ఒక్కరంటే ఒక్కరే!" అని ముగించి, చప్పట్ల కోసం కాసేపు ఆగాను కూడా. పక్క మెంబరు నుదురు కొట్టుకున్నాడు.

ఛైర్మన్ గారు తలెత్తకుండానే, "అర టీచరు. ఒంటిపూట వస్తుంది. తర్వాతది?" అన్నారు.

తర్వాతదీ నాదే, మా వీధి రోడ్డు. ఆ అర్జీ నాలో నిజాయితీ పుట్టకముందే ఇచ్చేశాను కనక, అలవాటు చొప్పున రెట్టింపు అడిగాను. ఆయన సగం కోశారు. కాగితం మీద రోడ్డు కొలిచినట్టు నా కొట్టు గుమ్మం దాకా వచ్చి ఆగింది.

వెనక బల్ల మీద టీచరమ్మ పక్కన మా ఆవిడ కూర్చుని ఉంది. ఆవిడ ఊరుకునే రకమా? "చొక్కాకి రెండు మీటర్లు చాలితే రెండున్నర తెమ్మంటారే! ఇక్కడికొచ్చేసరికి సత్యసంధులైపోయారా?" అంది, సభంతా వినేలా. నేనూ టీచరమ్మా తప్ప అందరూ నవ్వారు.

నేను తలొంచుకుని టీచరమ్మ దగ్గరికెళ్లాను. "సగం జీతంతో ఎలా బతకను బాబాయిగారూ? వేరే ఊరు చూసుకుంటాను" అంది. నాలుగు తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పరుగున ఛైర్మన్ గారి బల్ల దగ్గరికి పోయాను. "తప్పైపోయిందండీ. ఇద్దర్ని అడిగాననుకోండి."

"అనుకుంటే ఎలాగయ్యా? ఎక్కడో ఒకచోట తగ్గితేనే ఇంకోచోట పెరిగేది. నీ రోడ్డు వదులుకుంటావా? సంతకం పెట్టకముందే చెప్పు."

గొప్పవాళ్లయితే ఆ క్షణమే వదిలేసేవారు. నేను, "సగం రోడ్డు వదిలితే సరిపోదాండీ?" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "పోనీ ముప్పావు?" అన్నాను. ఆయన పెన్ను మూత తీశారు. పుస్తకాల సంచీతో లారీల మధ్య నిలబడ్డ నా మనవరాలు కళ్ల ముందు మెదిలింది. "వదిలేశానండీ, రాసుకోండి!" అని గబగబా అనేశాను, మళ్లీ ఎక్కడ మనసు మారుతుందోనని భయమేసి.

టీచరమ్మ ఉండిపోయింది. వీధి వీధంతా నా మీద దుమ్మెత్తిపోసింది. చేతికొచ్చిన రోడ్డును కాలదన్నిన మొనగాడినట. తర్వాతి ఎన్నికల్లో చిత్తుగా ఓడిపోయాను. మా ఆవిడ నాకే ఓటేశానంది. నేను రెట్టించి అడగలేదు.

కొత్త మెంబరు వస్తూనే రోడ్డు వేయించాడు. చాలా బాగుంది, అబద్ధం ఎందుకాడాలి? మొన్న మా వీధి చివరి ఇంటాయన ప్యాంటు కుట్టించుకోవడానికొచ్చి, "మెంబరంటే ఆయనయ్యా! నువ్వున్నన్నాళ్లూ ఏం వెలగబెట్టావు?" అన్నాడు.

"టీచరమ్మ పోకుండా చూశాను" అన్నాను.

"ఆవిడ పోవడమేంటి? ఆవిడెప్పుడూ ఉందిగా!" అన్నాడాయన. ఆయన కూతురు ఆమె దగ్గరే నాలుగో తరగతి చదువుతోంది.

"ఉందిలెండి" అని, నడుం కొలత తీసుకున్నాను.