వరలక్ష్మి పీట మీద రిటైర్మెంట్

2011, శ్రావణమాసం. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో నా టాక్స్ ఆఫీసు ఒక ఇండియన్ గ్రోసరీ షాపుకీ, ఒక డ్రై క్లీనింగ్ షాపుకీ మధ్య ఇరుక్కుని ఉండేది. ఎంత ఇరుకంటే, క్లయింటు కాస్త గట్టిగా నిట్టూరిస్తే ఆయన కాగితాలు ఎగిరి నా ఒళ్ళో పడేవి. ఎడమ గోడ నుంచి కరివేపాకు వాసన, కుడి గోడ నుంచి ఇస్త్రీ ఆవిరి. ఆ రెంటి మధ్య పన్నెండేళ్ళుగా మనవాళ్ళ టాక్స్ రిటర్నులు నింపుతూ నేనూ సగం ఉడికి, సగం ఇస్త్రీ అయిపోయాను.

ఈ వృత్తిలో ఏప్రిల్ యుద్ధమైతే ఆగస్టు విశ్రాంతి. అందుకని శ్రావణంలో పేరంటాలకు వెళతాను. ఆ ఏడు వరలక్ష్మీవ్రతానికి నోవైలో ఉండే రాజేశ్వరి వదిన పిలిచింది. చుట్టరికమేమీ లేదు, ఇరవయ్యేళ్ళ స్నేహం. ఒకరినొకరం వదినా అనుకుంటాం. వాళ్ళాయన ప్రభాకరంగారు కార్ల బ్రేకులు డిజైన్ చేసే ఇంజినీరు, వయసు యాభై నాలుగు. నేను అన్నయ్యా అంటాను, ఆయన చెల్లెమ్మా అంటారు. ఏటా వాళ్ళ రిటర్ను చేసేది నేనే కాబట్టి వాళ్ళ ఆస్తిపాస్తులు నాకు కంఠతా వచ్చనుకునేదాన్ని.

వెళ్ళి చూద్దును కదా, అమ్మవారి పీట ఆ చివర నుంచి ఈ చివరకి రెండు పిన్‌కోడ్ల పొడవుంది. ప్రసాదాలు తొమ్మిదని వదిన అంది, నాకు పంతొమ్మిది కనబడ్డాయి. కలశం చుట్టూ గుర్రపునాడా ఆకారంలో నలభై బంగారు నాణేలు పేర్చి ఉన్నాయి. ఒక్కో నాణేనికీ ఒక్కో కుంకుమ బొట్టు.

"ఇవేమిటి వదినా, బంగారు కాగితం చుట్టిన చాక్లెట్లా?" అన్నాను, పూర్ణంబూరె కొరుకుతూ.

"చాక్లెట్లేమిటి నీ మొహం! మా రిటైర్మెంటు."

బూరె గొంతులో అడ్డం తిరిగింది. పక్కావిడ వీపు మీద చరిచిన చరుపుకి ఆ పూర్ణం నోవై సరిహద్దు దాటి ఉంటుంది.

సంగతేమిటంటే, 2009లో కార్ల కంపెనీలు కుప్పకూలినప్పుడు ప్రభాకరంగారి ఉద్యోగం పోయింది. రిటైర్మెంటు కోసం దాచుకున్న షేర్లు సగమయ్యాయి. పదినెలల తర్వాత తక్కువ జీతానికి కాంట్రాక్టు ఉద్యోగమొకటి దొరికింది కానీ, కాగితం మీద నమ్మకం మాత్రం తిరిగి రాలేదు. రేడియోలో ఒక ప్రకటన విని, మిగిలిన సొమ్మును బంగారం పెట్టుకోవడానికి వీలున్న ఐ.ఆర్.ఏ.లోకి మార్చేశారు. ఐ.ఆర్.ఏ. అంటే రిటైర్మెంటు ఖాతా. అందులో అసలు సిసలు బంగారం ఉంచుకోవచ్చు. అయితే ఆ బంగారం మన బీరువాలో కాదు, ప్రభుత్వం ఒప్పుకున్న కస్టోడియన్ అధీనంలో ఉండాలి. కస్టోడియన్ అంటే మన తరఫున ఖాతా కాపలా కాసే సంస్థ. వాళ్ళు నాణేలను డిపాజిటరీ అనే ఖజానాలో దాస్తారు. ప్రభాకరంగారి నలభై నాణేలూ డెలవేర్‌లో ఒక ఖజానాలో హాయిగా నిద్రపోతుండేవి. వాటిని ఎవరు లేపారు?

"వ్రతానికని నేనే తెప్పించాను చెల్లెమ్మా," అన్నారు ప్రభాకరంగారు, అక్షింతలు దులుపుకుంటూ. "ఫారంలో ఇంటికి షిప్ చేయాలా అని ఒక గడి ఉంది. టిక్ పెట్టాను. పూజవగానే వెనక్కి పంపించేస్తాను. మన బంగారం మనింటికి చుట్టపుచూపుగా వచ్చింది, అంతేగా?"

"అన్నయ్యా, మీరు టిక్ పెట్టిన గడి పేరు డిస్ట్రిబ్యూషన్. అంటే ఖాతాలోంచి తీసేసుకున్నట్టు. యాభై తొమ్మిదిన్నర నిండకుండా తీశారు కనుక మొత్తం విలువ మీద ఇన్‌కమ్ టాక్స్, ఆ పైన పది శాతం పెనాల్టీ. పాతిక వేల డాలర్లకు దగ్గరవుతుంది."

ఆయన పీట పక్కనే కూలబడ్డారు. మంగళహారతి పాడుతున్న ఆవిడ శ్రుతి తప్పింది.

ఒకటే దారి ఉంది. రోలోవర్ అంటారు. నాణేలు చేతికందిన అరవై రోజుల్లోగా, అవే నాణేల్ని మళ్ళీ ఖాతాలో పెడితే ఏమీ జరగనట్టే లెక్క. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. అది పదహారో రోజు. అరవయ్యోది ఆదివారం పడింది, ఆ రోజు ఖజానా మూసి ఉంటుంది. శనివారమూ అంతే. అంటే శుక్రవారం, యాభై ఎనిమిదో రోజుకల్లా ముట్టాలి.

సోమవారం కస్టోడియన్‌కు ఫోన్ చేశాను. ప్రభాకరంగారిని పక్కనే కూర్చోబెట్టుకున్నాను, ఆయన అనుమతి లేకపోతే వాళ్ళు నాతో మాట్లాడరు. అవతల ఒకావిడ ఓపిగ్గా అడిగింది. "నాణేల మీద ఏమైనా పూత ఉందా మేడమ్?"

"పసుపు, కుంకుమ."

"అవి రసాయనాలా?"

"కాదండీ, ఆర్గానిక్."

ఆవిడ వెళ్ళి పైఅధికారిని అడిగి వచ్చింది. తరువాత చెప్పింది, గోరువెచ్చటి నీళ్ళలో ముంచి తీయండి, రుద్దవద్దు, గీతలు పడితే తీసుకోరు అని. నేను వెంటనే రాజేశ్వరి వదినకు ఫోన్ చేశాను. ఆవిడ అప్పటికే కుంకుడుకాయలు నానబోసి, పాత టూత్‌బ్రష్షు పట్టుకుని కూర్చుంది. నేనొక్క నిమిషం ఆలస్యం చేసి ఉంటే నలభై నాణేలూ అద్దాల్లా మెరిసేవి, ఒక్కటీ పనికొచ్చేది కాదు.

ఇక పంపడమే తరువాయి అనుకున్నాను. అక్కడి నుంచి మొదలైంది నా గుండెదడ.

"వదినా, ఎప్పుడు పంపుతున్నారు?"

"శ్రావణమాసంలో లక్ష్మిని ఇల్లు దాటిస్తారా ఎవరైనా? ఈ నెల వెళ్ళనీ."

నెల వెళ్ళింది. "వినాయకచవితి వస్తోంది కదా, తొమ్మిది రోజులూ అవనీ." తొమ్మిదీ అయ్యాయి. "పితృపక్షాలు మొదలయ్యాయి, ఇప్పుడెలా?" ఈలోగా సోమవారమైతే ప్రయాణం మంచిది కాదు, మంగళవారం, శుక్రవారం లక్ష్మిని బయటికి పంపకూడదు, బుధవారం అష్టమి, గురువారం వర్జ్యం. ప్రభుత్వం క్యాలెండర్‌లో అరవై రోజులున్నాయి, వదిన పంచాంగంలో ఒక్క రోజూ లేదు.

ప్రభాకరంగారు ఇంకో రకం. చేతిలో ఫోను, ఫోనులో బంగారం ధర. "చూశావా చెల్లెమ్మా, ఇంకో ఇరవై పెరిగింది! ఇప్పుడు కదిపితే ఎలా?" అనేవారు. కదిపినా కదపకపోయినా నలభై నాణేలు నలభై నాణేలేనని చెప్తే బ్రేకుల ఇంజినీరుకు అర్థం కాలేదు.

నేనేమో రోజుకి పదిసార్లు తేదీ చూసుకోవడం, లేచి పచార్లు చేద్దామంటే ఆఫీసులో రెండో అడుగుకే గోడ. గ్రోసరీ షాపువాళ్ళ క్యాలెండర్ నేను చూసి చూసి అరిగిపోయి కాగితం పలుచబడింది. నలభై తొమ్మిది. యాభై రెండు. యాభై నాలుగు. సొంత పిల్లల పురుళ్ళకి కూడా నేనిలా రోజులు లెక్కపెట్టలేదు.

యాభై ఐదో రోజు మంగళవారం. కోపం వచ్చి వాళ్ళింటికి డ్రైవ్ చేసుకుని వెళ్ళాను. ఇన్సూర్డ్ పోస్టులో పంపే గడువు కూడా దాటిపోయింది. ఇక మిగిలింది స్వయంగా పట్టుకెళ్ళి ఇవ్వడమే. శుక్రవారం ఉదయం పదింటికి ఖజానావాళ్ళ దగ్గర అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నాను.

"శుక్రవారమా!" వదిన కళ్ళు ఇంతింతలు చేసింది. "శుక్రవారం పూట లక్ష్మిని చేతులారా ఇచ్చేయమంటావా?"

ఆ క్షణాన నాకు శాస్త్రం మొత్తం అవగతమైంది. "బయల్దేరేది గురువారం పొద్దున్న వదినా. ఇల్లు దాటేది గురువారమే. శుక్రవారం ఆవిడ కొత్తింట్లో అడుగు పెడుతుంది. గృహప్రవేశానికి శుక్రవారం కంటే మంచి రోజుందా?"

వదిన నా వంక అదోలా చూసింది. తరువాత, "సరే, నేనూ వస్తాను," అంది. ఆ రోజే గ్రహించాల్సింది నేను, ఆవిడకి అడ్డం వచ్చింది వారమూ కాదు, వర్జ్యమూ కాదని.

గురువారం పొద్దున్నే ముగ్గురం కార్లో బయల్దేరాం. ఆరువందల మైళ్ళు. నాణేలు ఖాళీ పెరుగు డబ్బాలో, డబ్బా కూలర్‌లో, పైన పులిహోర, ఆ పైన చపాతీలు. దొంగలు వస్తే పులిహోర తిని తృప్తిగా వెళ్ళిపోతారని ప్రభాకరంగారి ప్లాను. ఒహాయోలో ఒక పోలీసు కారు మా వెనక నాలుగు మైళ్ళు వచ్చింది. ఆ నాలుగు మైళ్ళలో మా ముగ్గురికీ కలిపి నాలుగు కిలోలు తగ్గాయి. ఆ రోజు బంగారం ధర కూడా పడడం మొదలుపెట్టింది. టోల్ బూత్ దగ్గర ముప్పై డాలర్లు తగ్గింది, పెట్రోలు పోయించుకునే దగ్గర ఇంకో ఇరవై. "అయ్యో, అయ్యో," అంటూ ప్రభాకరంగారు పెన్సిల్వేనియా కొండలన్నీ ఎక్కి దిగారు. వదిన మాత్రం వెనకసీట్లో కూలర్ మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

శుక్రవారం పదింటికి ఖజానా. బయట బోర్డు లేదు, లోపల కిటికీ లేదు. అద్దం వెనకున్న ఆఫీసరు తెల్ల చేతితొడుగులు వేసుకుని పెరుగు డబ్బా వంక ఒకసారి చూసి, మూత తీసి, లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మా ముగ్గురి పెదవులూ అతనితో పాటు కదులుతున్నాయి. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది.

డబ్బా తిరగేశాడు. ఏమీ రాలేదు.

ప్రభాకరంగారి మొహం సున్నం కొట్టినట్టయింది. "కార్లో పడిందేమో! కూలర్‌లో చూశావా? పులిహోరలో..."

"వెతక్కండి," అంది వదిన. కుడిచెయ్యి గుప్పిట విప్పింది. నలభయ్యో నాణెం. ఎంతసేపట్నుంచి పట్టుకుందో, అరచేతిలో నాణెం అంచు ఎర్రగా అచ్చుపడి ఉంది.

"అదీ ఇచ్చెయ్ మరి!"

"ఇవ్వను."

"రాజీ, టాక్స్ పడుతుంది..."

"పడనీ." ఆవిడ గొంతు పెద్దదేమీ చేయలేదు. "మీ ఉద్యోగం పోయిన ఏడు ఇంటి లోను కట్టడానికి నా కాసులపేరు అమ్మాం. మా అమ్మ పెట్టిందది. పొద్దున్న మెళ్ళో ఉంది, మధ్యాహ్నానికి లేదు. ఆ రోజు నాకెవరైనా అరవై రోజులు గడువిచ్చారా? తరువాత మీరు నలభై కాసులు కొన్నారు. ఎక్కడున్నాయండీ అంటే డెలవేర్‌లో ఉన్నాయన్నారు. వ్రతానికి తెప్పిస్తే యాభై ఏడు రోజులు ఇంట్లో ఉన్నాయి. రోజూ స్నానం చేసి వచ్చి ఒకసారి ముట్టుకునేదాన్ని. ముప్పై తొమ్మిది తీసుకెళ్ళి దాచుకోండి. మన ముసలితనానికి అవి కావాలి, నాకు తెలుసు. ఇదొక్కటీ నాది."

కాసులపేరు అమ్మిన విషయం నాకు తెలియదు. ఒంటి మీది నగ అమ్మితే టాక్స్ మనిషికి చెప్పాలని ఎవరికీ తోచదు, అందుకని వాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు. ఏటా ఆ ఇంటి ఆదాయమంతా నా చేతుల మీదుగా వెళ్ళింది. ఇంట్లో ఏం పోయిందో మాత్రం వెళ్ళలేదు.

అద్దం వెనకాయనకు తెలుగు రాకపోయినా పెన్ను కింద పెట్టి ఎదురుచూస్తున్నాడు. ప్రభాకరంగారు నా వైపు తిరిగారు. "చెల్లెమ్మా, ఒక్కటి ఉంచేసుకుంటే మిగతావాటికి ఇబ్బందా?"

"లేదన్నయ్యా. ముప్పై తొమ్మిదీ రోలోవర్ అయిపోతాయి. ఆ ఒక్కదాని విలువ మీదే టాక్స్, పెనాల్టీ. ఆరేడు వందలవుతుంది."

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు. నెలన్నరలో ఆ ఫోను జేబులోకి వెళ్ళడం నేను చూడడం అదే మొదటిసారి. "రాజీ, ఒకటి చాలా? ఇంకోటి తీసుకో, జతవుతుంది," అన్నారు.

"చాలు," అంది వదిన, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "మీరిలా అడుగుతారని తెలిస్తే నలభయ్యీ అడిగేదాన్ని."

మరుసటి మార్చిలో ఇద్దరూ రిటర్ను మీద సంతకాలకు వచ్చారు. కస్టోడియన్ పంపిన కాగితంలో నలభై నాణేల విలువా ఆదాయంగా ఉంది. ముప్పై తొమ్మిదింటికి రోలోవర్ అని చూపించి, మిగిలిన ఒక్కదానికీ పెనాల్టీ ఫారం నింపాను. వదిన ఆ ఫారం చదివి, "ఇక్కడ కారణం రాయక్కర్లేదా?" అంది. అక్కర్లేదన్నాను. పన్నెండేళ్ళలో నా ఎదుట పెనాల్టీ కట్టిన ప్రతివాడూ ప్రభుత్వాన్ని తిట్టాడు, నన్ను తిట్టాడు, ఒకాయన పక్కషాపు కరివేపాకును కూడా తిట్టాడు. వదిన మాత్రం గాజులు గలగలలాడిస్తూ సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టి మరీ ఇచ్చింది.

అప్పటి నుంచి ఎవరైనా రిటైర్మెంటు ఖాతాలో బంగారం కొనాలని వస్తే చట్టం చెప్తాను, కస్టోడియన్ సంగతి చెప్తాను, అరవై రోజుల సంగతి కూడా చెప్తాను. అన్నీ అయ్యాక, దరఖాస్తు నింపుతున్న ఆయనను కాస్త ఆగమని, పక్కన కూర్చున్న ఆవిడను అడుగుతాను: "మీకు దీన్ని ముట్టుకోవాలని ఉంటుందా అమ్మా?" ఏ ఫారంలోనూ లేని ప్రశ్న ఇది. చాలామంది ఆడవాళ్ళు భర్త వంక చూస్తారు. అలా చూశారంటే ఆ రోజు నేను ఫీజు తీసుకోను. ముందు ఇంటికి వెళ్ళి మాట్లాడుకుని రమ్మంటాను.