కనకపుర ఏజెంటు అక్కయమ్మ

మా అత్త అక్కయమ్మకి కుదురు లేదు. ఆమె ఓటేసే కనకపుర లోక్‌సభ స్థానానికీ లేదు. తొంభై ఆరు నుంచి రెండువేల నాలుగు దాకా బెంగళూరులో మిగతావాళ్ళు నాలుగుసార్లు ఎంపీని ఎన్నుకుంటే, మధ్యలో ఉపఎన్నిక వచ్చి మాకు ఐదు. ఐదుసార్లూ ఉత్తరహళ్ళిలో మా వీధి బడిలో పార్టీ తరఫున ఏజెంటు ఆవిడే.

ఏజెంటు పని మనుషుల్ని గుర్తుపట్టడం, దొంగ ఓటు పట్టుకోవడం. రెండు వీధుల్లో ఎవరి కోడలు ఎవరో ఆవిడకి కంఠతా. వాళ్ళు దాచుకున్న సంగతులూ తెలుసు, అది వేరే గొడవ. చీరలకి కుచ్చులు కట్టే ఓబులమ్మవ్వకి గుర్తింపు కార్డు లేదు. ప్రతిసారీ ఎవరో అడ్డం చెప్పేవాళ్ళు. మా అత్త లేచేది.

"ఈయమ్మ నాకు తెల్సు. నేను చెప్తా ఉండా కదప్పా!"

అవ్వ ఓటేసి వెళ్ళేది.

రెండువేల ఎనిమిదిలో కనకపుర స్థానమే రద్దయింది. మా రోడ్డుకి మా ఇల్లున్న ఈ పక్క ఒక నియోజకవర్గం, బడీ అవ్వ ఇల్లూ ఉన్న ఆ పక్క ఇంకోటి. ఆ ఏటి అసెంబ్లీ ఎన్నికలకి అత్త టైఫాయిడ్‌తో మంచం దిగలేదు. పేపర్లో సంగతి చదివి వినిపిస్తే, "బడి యాడికీ పోలేదు కదా" అంది.

మరుసటేడు లోక్‌సభ పోలింగ్ రోజు ఆరింటికే బడికి బయల్దేరింది. వెంట నేను. పార్టీవాళ్ళూ పాత అలవాటుకొద్దీ ఆమెకే ఫారం ఇచ్చారు. అధికారి లిస్టు చూసి, మీ ఓటు రోడ్డవతలి నియోజకవర్గంలో ఉంది, ఇక్కడ ఏజెంటుగా పనికిరారు అన్నాడు. అత్త గొంతు పెంచింది. పోలీసు గేటు బయటికి పంపేశాడు.

"మన ఓటు వేసుకుని ఇంటికి పోదాం రండి అత్తా" అన్నాను.

"అవ్వ రానీ. ఎనక్కి పంపిస్తారు ఆయమ్మని. ఈడ చెప్పేదానికి ఎవురుండారు?"

తొమ్మిది దాకా గేటు ముందు పచార్లే. నాకు ఒళ్ళు మండింది, జాలీ వేసింది.

చివరికి ఓబులమ్మవ్వ వచ్చి లోపలికి వెళ్ళింది. అత్త గేటు పట్టుకుని నిలబడింది. పది నిమిషాల్లో అవ్వ సిరా వేలు చూపిస్తూ వచ్చేసింది.

"లిస్టులోనే నా ఫోటో ఉండాది అక్కయ్యా! ఎవురూ ఏమీ అడగలా. నీకింక నాతో తిప్పల్లేవు పో!"

"మంచిదాయె అవ్వా" అని అత్త నవ్వింది. ఇంటికొచ్చాక ఏడ్చింది. సాయంత్రం ఐదింటికి పోలింగ్ ముగిసేదాకా బతిమాలాను. తన ఓటు వేయడానికి రాలేదు.