పెన్కా చేతులు

కొండ మలుపులో గొర్రెల మంద అడ్డం వచ్చి బస్సు ఆగింది. ఒళ్లో ఎర్ర మిరప పచ్చడి సీసా పెట్టుకున్న పక్కసీటు ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"తాతా, నీకు కంప్యూటర్ వచ్చా?"

"రాదమ్మా."

"బొత్తిగా రాదా?"

"ముట్టుకోను కూడా లేదు."

"బంగారు తాతవి! నాతో రా."

ఇన్ని దేశాలు తిరిగాను గాని, నా అజ్ఞానానికి ఇంత గిరాకీ ఎక్కడా చూడలేదు.

ఆవిడ పేరు పెన్కా. తన ఊరి పఠనమందిరం చూసుకుంటుంది. అక్కడికి కంప్యూటర్లు రావాలంటే ఆమె పట్నంలో శిక్షణ ముగించి, ఏమీ రానివాడి చేత పని చేయించి చూపాలి. వస్తానన్న ముసలాయన ఆవు ఈనిందని ఆగిపోయాడట. పెన్కా పోయినసారి పరీక్ష తప్పింది. ఈసారీ తప్పితే కంప్యూటర్లు వేరే ఊరికి పోతాయి.

"ఏం రాక తప్పావు?"

"అన్నీ వచ్చే తప్పాను. మౌస్ మనం ముట్టకూడదట, నేర్చుకునేవాళ్లే కదపాలట. వాళ్లట్లా తడుముకుంటుంటే చూస్తూ ఎట్లా కూచుంటాం, నువ్వే చెప్పు!"

నిజమే. ఆ కొండల్లో అతిథి తన గ్లాసు తానే నింపుకుంటే ఇంటావిడకు తలవంపులు. అలాంటి చేతుల్ని ఊరికే ఉండమంటే మాటలా!

పట్నంలో శిక్షకురాలు దిమోవా నన్ను కంప్యూటర్ ముందు కుర్చీలో కూచోబెట్టింది. "సాయంత్రం బస్సు ఎన్నింటికో ఈయనే వెతకాలి."

బాణం గుర్తును తెర అంచు దాకా తోలి పోగొట్టాను. పెన్కా చెయ్యి లేచింది.

"పెన్కా!" అంది దిమోవా.

ఆ చెయ్యి వెనక్కి వెళ్లి పచ్చడి సీసాను పట్టుకుంది.

"కుడికి, తాతా. కుడికి! రొట్టె తినే చెయ్యి వైపు."

"నాది ఎడమచేతి వాటం తల్లీ."

పెన్కా కళ్లు మూసుకుంది. సీసా మీద వేళ్లు తెల్లబడ్డాయి. అయినా దాన్ని వదల్లేదు. "పోనీ, కిటికీ వైపు," అంది మెల్లగా. బాణం దొరికింది. చాలాసేపటికి బస్సు వేళా దొరికింది. ఎవరో బహుమతి ఇచ్చినట్టు గట్టిగా చదివాను.

"పాసయ్యావు. ఇక ఆ సీసా వదులు," అంది దిమోవా.

"మీకే తెచ్చానండీ," అంటూ పెన్కా సీసా ఆమె చేతిలో పెట్టింది. అంతలో పక్క బల్ల దగ్గర ఒక ముసలావిడ మౌస్‌ను చెవికి ఆనించుకుని వింటూ కనబడింది.

"నా బస్సుకు వేళయింది, పెన్కా," అన్నాను.

ఆమె అప్పటికే అటు నడుస్తోంది, రెండు చేతులూ వెనక గట్టిగా పెనవేసుకుని.