దండం పెట్టని పద్యం

2022 జూలై. సముద్రంలో చేపల వేట నిషేధం ఎత్తేసి నెల దాటింది. మా బైండింగ్ కొట్టు విశాఖ వన్‌టౌన్‌లో, పోర్టు గోడకు దగ్గర సందులో ఉంది. మూడు తరాలుగా అదే గది. ఓడల ఏజెంట్ల రిజిస్టర్లు, కాలేజీ పిల్లల థీసిస్‌లు, ఖురాన్ ప్రతులు, సింహాచలం నుంచి వచ్చే పాత పూజా గ్రంథాలు, అన్నీ ఒకే బల్ల మీద కుట్టాం. కుట్టింది నేను కాదు, నా భార్య. సెక్షన్ అంటే పదహారు పేజీల మడత. ఆ మడతలన్నిటినీ దారంతో కలిపి కుడితేనే పుస్తకం నిలుస్తుంది. ఆమె పోయి అప్పటికి పది నెలలు. ఆమె సూదితోనే నేను కుడుతున్నాను, ఆమె అంత నేరుగా మాత్రం రావడం లేదు.

బైండింగ్ పనిలో చదువు ఊరికే వస్తుంది. సముద్రం మీద పాతకాలపు పద్యాలు చాలా చదివాను. ఎక్కువ భాగం నచ్చలేదు. రత్నాల గని, అలల హారాలు, నురుగు నవ్వులు. కాలు తడవకుండా గట్టు మీద నిలబడి రాసినట్టు ఉండేవి. భార్య పోయాక జనం చెప్పిన ఓదార్పు మాటలూ నాకు అలాగే వినిపించాయి. సమాధి రాయి మీద ఏదైనా మంచి మాట చెక్కించమన్నారు. పేరు చాలన్నాను. ఆ తర్వాత చదవడమే మానేశాను.

అలాంటి రోజుల్లో నూకరత్నం వచ్చింది. సముద్రం ఒడ్డున ఉన్న యారాడ మనిషి, నలభై ఏళ్ళుంటాయి. పాలిథిన్ సంచిలోంచి ఉబ్బిపోయిన పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. ఉప్పు వాసన.

"సాయిబు గారూ, ఇది బాగు సేత్తారా?"

సముద్రం మీది పాత పద్యాల సంకలనం. ఎప్పటి అచ్చో తెలియదు, మొదటి పేజీలు లేవు. ఆమె భర్త పైడిరాజు దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పడవలో ఉంచుకునేవాడట. వల వేసి కూర్చున్నప్పుడు పైకి చదివేవాడట. ఆ నెల మొదట్లో పడవ తిరగబడింది. పడవ దొరికింది, డబ్బా దొరికింది. మనిషి దొరకలేదు.

"మనిషి దొరక్కపోతే ఆడి సామాన్లు సంద్రంలో ఒగ్గేత్తారు, మా ఇంటి ఆచారం. వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం. సొక్కాలిచ్చేసాను, వలిచ్చేసాను. ఇది మాత్రం ఇవ్వను. మా మరిది అప్పన్న ఇదే అడుగుతన్నాడు."

"ఎందుకు?"

"ఇందులో ఒక పద్యముంది. గంగమ్మకి దండం పెట్టనంటాది. అది సదివే మావ పోయాడంటాడు, మా అప్పన్న."

"నువ్వేమంటావు?"

"నానేటంటాను? మావకి ఈత రాదేటి, పద్యం రాదేటి? అల పెద్దదొచ్చింది, అంతే."

పుస్తకం ఉంచుకున్నాను.

ఉప్పునీళ్ళలో తడిసిన కాగితం ఎంత ఎండబెట్టినా పూర్తిగా ఆరదు. కాగితంలో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను లాగుతూనే ఉంటుంది. కనుక ముందు కుట్టు విప్పి, ఒక్కొక్క కాగితాన్ని ట్రేలో మంచినీళ్ళతో కడగాలి. తర్వాత కాగితం కాగితానికీ మధ్య బ్లాటింగ్ పేపరు పెట్టాలి. దీన్ని ఇంటర్‌లీవింగ్ అంటారు. రోజుకు రెండుసార్లు ఆ బ్లాటింగ్ మార్చాలి. వారం పట్టింది.

ఆరాక మా అలవాటు ప్రకారం రబ్బరుతో శుభ్రం చేయడం మొదలుపెట్టాను. మార్జిన్లలో పెన్సిలు గీతలున్నాయి. నీళ్ళు వాటిని చెరపలేదు. నేను చెరిపాను. ఇరవై పేజీల దాకా చెరిపాక చెయ్యి ఆగింది. గీతలు అన్ని పద్యాల పక్కనా లేవు. రత్నాల గనులూ అలల హారాలూ ఉన్న పేజీలు తెల్లగా ఉన్నాయి. సాదా మాటలున్న చోట, మనిషి సముద్రంతో ఎదురు మాట్లాడిన చోట మాత్రం గీతలున్నాయి. ఒక పద్యం పక్కనైతే మార్జిన్ నల్లబడేటన్ని. ఆ పద్యం సగమే ఉంది. మిగతా సగం ఉన్న కాగితం సముద్రంలో పోయింది.

శుక్రవారం ఆమె వచ్చింది. గీతలు చెరిపిన సంగతీ, కాగితం పోయిన సంగతీ దాచకుండా చెప్పాను. గీతల మాటకు ఆమె ముఖం బిగిసింది.

"సదివిన ప్రతిసారీ ఒక గీత గీసీవోడు. సంద్రం ఉంచింది, నువ్వు సెరిపేసావా సాయిబూ?"

అంతకు ముందు 'గారు' ఉండేది. తీసేసినందుకు నేనేమీ అనుకోలేదు.

"గీతల అచ్చు ఇంకా కనిపిస్తోంది అమ్మా. కాగితం ఏటవాలుగా పట్టుకుంటే నొక్కులు తెలుస్తాయి. మళ్ళీ గీస్తాను."

"వద్దు. నువ్వు గీత్తే నీ గీతలవుతాయి."

పోయిన సగం సంగతి అడిగాను. ఆమెకు చదవడం రాదు. ఉన్న సగం నేను చదివాను. ఆఖరి మాట దగ్గర నేను ఆగేలోపే ఆమె అందుకుంది. ఎక్కడా తడుముకోలేదు. ఛందస్సు ఎక్కడా చెడలేదు. పద్యాన్ని విరిచి చెప్పడం నాకిష్టం లేదు కానీ, అర్థం ఇది: నువ్వు పెద్దదానివే, నేను చిన్నవాణ్ణే. అయినా రోజూ నీ దగ్గరకు వచ్చేది నేను. నువ్వు ఒక్కనాడూ నా గుమ్మం తొక్కలేదు. తీసుకున్నంత తీసుకో. దండం మాత్రం పెట్టను.

"గుమ్మం మాట అబద్దమని నవ్వీవోడు," అంది నూకరత్నం. "తుపానులో వంటింట్లోకి ఒచ్చీసింది కదా! గిన్నెలొట్టుకుపోయింది. అయినా మర్నాడు అదే సదివాడు."

ఆ నెలల్లో నేను నవ్వడం అదే మొదలు.

ఆమె చెబుతుంటే రాస్తున్నాను. గుమ్మంలో మనిషి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళవాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎవరో అడగక్కర్లేదు.

"ఇక్కడున్నావేటి వదినా? గాజువాక ఎళ్తన్నానని సెప్పి?"

"సెప్పాను. ఎల్లలేదు."

"పుస్తకమియ్యి. ఎల్లుండే కదా."

"ఇవ్వను."

"గంగమ్మ తల్లికి దండం పెట్టనన్న పుస్తకం ఎవులైనా ఇంట్లో దాత్తారేటి? రేపు నాను పడవెక్కాలా వద్దా?"

"ఆ రోజు నువ్వూ ఎక్కాల్సినోడివే. జొరమని ఇంట్లో తొంగున్నావు. ఆ జొరం ఏ పద్యమిచ్చిందిరా నీకు?"

అతను నా వైపు తిరిగాడు. "సాయిబూ, మా ఇంటి గొడవలో నీకేటి?"

"నాకేం లేదు. పని పూర్తి కాలేదు. పూర్తి కాని పుస్తకం ఈ కొట్టు దాటదు."

అది మా కొట్టు నియమమేమీ కాదు. అప్పుడే పుట్టింది.

అతను బల్ల దగ్గరికి వచ్చాడు. కుట్టని సెక్షన్లు బల్ల మీదే ఉన్నాయి. చెయ్యి చాపితే అందుతాయి. నేను వాటి మీద అరచెయ్యి పెట్టాను. నూకరత్నం నా చెయ్యి తీసేసింది.

"ఒట్టుకెళ్ళు. సంద్రంలో పారెయ్. నా నోట్లోది ఏటి సేత్తావు? నన్నూ ఒగ్గేత్తావా?"

అని పద్యం మొదటి నుంచీ ఎత్తుకుంది. నిలబడి, అతని ముఖంలోకి చూస్తూ. బయట లారీ హారన్ కొడుతోంది. ఆమె గొంతు పెంచలేదు, తగ్గించలేదు. చివరి పాదం దగ్గర కావాలనే ఆగింది.

ఆ పాదం అప్పన్న చెప్పాడు.

"అన్న ఇక్కడ తెడ్డుతో పడవ మీద కొట్టీవోడు," అన్నాడు. స్టూలు మీద కూర్చున్నాడు.

తర్వాత అతనే అడిగాడు. "మరి ఆదివారం నలుగురిలో ఏటి సెప్పాలి? పుస్తకం తెత్తానన్నాను."

నేను విప్పి పక్కన పెట్టిన పాత అట్ట చూపించాను. ఉప్పు తిని, పొరలు పొరలుగా ఊడిపోయింది. ఎలాగూ పారేసేదే. నూకరత్నం దాన్ని తీసి మరిది చేతిలో పెట్టింది.

"ఇది ఇచ్చీ. లోపలిది నాది."

ఆదివారం సముద్రంలోకి అట్ట వెళ్ళింది. నేను రాసిన కాగితాన్ని అంచున సన్నగా జిగురు రాసి, పోయిన కాగితం చోట అతికించాను. మా పనిలో దాన్ని టిప్-ఇన్ అంటారు. మామూలుగా కొత్త అట్ట వేసే ముందు మూడు వైపులా అంచు కోసి సమం చేస్తాం. దీనికి కోయలేదు. గీతలకు ఇంకా చోటు కావాలి. మంగళవారం ఆమె పుస్తకం తీసుకుని, నా బల్ల మీది పెన్సిలు అడిగి, ఆ పద్యం పక్కన ఒక గీత గీసింది.

"మొన్న సెప్పింది నాను కదా," అంది.

సముద్రం మీది పద్యాలు ఇన్నాళ్ళు ఎందుకు బతికాయని ఎవరైనా అడిగితే నాకు ఆ మార్జిన్లు గుర్తొస్తాయి. పొగిడినవి తెల్లగా ఉన్నాయి. ఎదురు చెప్పినవి నల్లబడ్డాయి. నేను అలంకారాన్ని ఇప్పటికీ నమ్మను. కానీ అలంకారం మీది కోపంతో పద్యాన్నే వదిలేశాను, అది నా తప్పు. ఇప్పుడు మళ్ళీ చదువుతున్నాను. ఎవరి పుస్తకం మీదా, అడగకుండా రబ్బరు పెట్టను.

నిరుడు వానాకాలంలో ఆమె అట్ట మూల అరిగిందని పుస్తకం తెచ్చింది. తిరగేసి చూశాను. నేను చెరిపిన చోటల్లా కొత్త గీతలున్నాయి. సన్నవి ఆమెవి. లావుగా, నొక్కి గీసినవి ఇంకొకరివి. కాగితం మళ్ళీ కాస్త ఉప్పు వాసన వేస్తోంది. పడవెక్కేది ఆమె కాదు కనుక, ఎవరివని నేను అడగలేదు.