బంతి అటు రాలేదు

2022 మే 22, ఆదివారం, ఉదయం ఎనిమిదింబావు. ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నానంటే, ఆ సమయం వీడియో పైమూలన కనిపించేది. ఇప్పుడు ఆ వీడియో లేదు. దాన్ని చెరిపేసింది నేనే. చెరిపేసినా నా లోపల అది నడుస్తూనే ఉంది. ఇన్నేళ్ళూ ఈ బరువుతోనే ఆఫీసుకు వెళ్ళాను, భోజనం చేశాను, పండుగలకు అందరికీ శుభాకాంక్షలు చెప్పాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. ఎదుటి మనిషి ముఖం చూస్తూ ఈ మాటలు చెప్పే ధైర్యం నాకు ఒక్కసారే వచ్చింది. ఆ సంగతి చివర్లో చెబుతాను.

అబుదాబిలో ఒక నిర్మాణ కంపెనీ కార్యాలయంలో ఉద్యోగం చేస్తున్నాను. మా వంశంలో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి. చిన్నప్పుడు ఇంట్లో నాకున్న పని చదివి వినిపించడం. మందుసీసా మీద ఏముంది, వచ్చే బస్సు ఏ ఊరిది, గోడ మీద అంటించిన ప్రకటన దేని గురించి. నలుగురు పెద్దవాళ్ళు నా నోటివైపు చూస్తూ నిలబడేవారు. అక్షరం తెలియనివారికి నేను కన్నుగా ఉన్నాను. అంతకు మించిన గౌరవం తర్వాత ఏ ఉద్యోగమూ నాకు ఇవ్వలేదు.

ముసఫా పారిశ్రామికవాడ దాటాక ఒక ఇసుక మైదానం ఉంది. పచ్చిక లేదు. మధ్యలో సిమెంటు పరిచి దానిమీద చాప వేస్తారు. సెలవు రోజుల్లో మన తెలుగువాళ్ళ జట్లు అక్కడ పొద్దున్నే క్రికెట్ ఆడతాయి. ఫోన్‌ను ఒక కర్రకు కట్టి పిచ్ వైపు తిప్పి, ఫేస్‌బుక్‌లో ప్రత్యక్ష ప్రసారం చేసేవాళ్ళం. ఊళ్ళలో ఉన్న కుటుంబాలు, ఇక్కడి ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు చూసేవారు. తెలుగు స్పష్టంగా వస్తుందని మైకు నా చేతికిచ్చారు.

మొదటి వారమే నాకొక వాయిస్ మెసేజ్ వచ్చింది. పంపినామె పేరు కరుణ. గోదావరి జిల్లా మనిషి. అబుదాబిలోనే మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక విల్లాలో ఇంటిపని చేసేది. ఆమె తమ్ముడు డేవిడ్ రాజు ఒక జట్టులో ఆడేవాడు. కఫీల్‌ను, అంటే తన యజమానిని, బతిమాలి, వీసా ఇప్పించి, అతణ్ణి ఇక్కడికి తెచ్చుకున్నది ఆమే. "నేను బొమ్మ సూళ్ళేనండి అన్నయ్యా, పన్లో ఫోన్ సూత్తే మేడమ్ ఊరుకోదు. చెవులో ఒకటి పెట్టుకుని ఇంటాను. మావోడు ఏ పక్క నిలబడ్డాడో అదొక్కటీ సెప్పండి సాలు" అని ఆ మెసేజ్.

అప్పటినుంచి ప్రతి ఓవరు మొదట్లో ఎవరు ఎక్కడ నిలబడ్డారో చెప్పేవాణ్ణి. నీళ్ళ ట్యాంకర్ నిలిపే వైపును ట్యాంకర్ వైపు అని, ఎదుటి వైపును మసీదు వైపు అని పిలిచేవాళ్ళం. గాలి ఎటు వీస్తోంది, బంతి నేలను తాకాక ఎంత లేచింది, బ్యాటర్ ఏ కాలు ముందుకు వేశాడు, అన్నీ చెప్పేవాణ్ణి. కళ్ళు మూసుకున్న మనిషికి మైదానం కనిపించాలి. నాకు తెలిసిన వ్యాఖ్యానం అంతే. కరుణ ప్రతి వారం ఒకే మాట పంపేది: "సూసినట్టే ఉందన్నయ్యా."

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. టీవీలో తెలుగు వ్యాఖ్యాతలను మీరూ వినే ఉంటారు. బంతి వేస్తుంటే ఒకరు సినిమా డైలాగు చెబుతారు, మరొకరు పక్కవాడి పొట్ట మీద జోకు వేస్తారు. వికెట్ పడితే అరుపు, పడకపోతే ఇంకా పెద్ద అరుపు. ఆట వాళ్ళ కబుర్లకు వెనకనున్న తెరగా మిగిలిపోయింది. ఈ పతనాన్ని తిట్టేవారిలో నేను ముందుండేవాణ్ణి. టీ తాగుతూ గంటలు గంటలు తిట్టాను. మరి ఆ విద్యను అంత తొందరగా ఎలా నేర్చుకున్నాను?

కరామాలో హోటల్ నడిపే నెల్లూరు పెద్దమనిషి ఒకాయన మా పోటీలకు స్పాన్సరుగా వచ్చారు. ఒక మ్యాచ్ చూసి నా భుజం తట్టారు. "సార్, మీరు చెప్తుంటే పొలం కొలిచినట్టుంది. జనానికి జోష్ కావాల. యల్లా, కొంచెం నవ్వించండి. మన బిర్యానీ పేరు మాత్రం ఓవరుకోసారి పడాల."

నాకు అవమానం అనిపించింది. కానీ ఆ తర్వాతి ఆదివారమే శీను నా పక్కన కూర్చున్నాడు. జగిత్యాల కుర్రాడు, మాటకారి. అతను వచ్చాక తెర మీద నవ్వు బొమ్మలు వరదలా పారాయి. నేను ఆ బొమ్మలనే చూడటం మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి మేమిద్దరం మైదానానికి వీపు పెట్టి కూర్చుంటున్నాం. ముందున్న ఫోన్‌లో వ్యాఖ్యలు చదువుతూ, వాటికి జవాబులు చెబుతూ, ఆటను అప్పుడప్పుడు మెడ తిప్పి చూసేవాళ్ళం. ఎవరు ఎక్కడ నిలబడ్డారో చెప్పడం ఎప్పుడు మానేశానో నాకు గుర్తులేదు. కరుణ నుంచి "సూసినట్టే ఉంది" అనే మాట రావడం కూడా అప్పుడే ఆగి ఉండాలి. గమనించానా? గమనించాననే అనుకుంటున్నాను. ఆమె ఒక్కతి, నవ్వేవాళ్ళు వందలమంది అని సర్దిచెప్పుకున్నాను.

రాజు గోదాములో రాత్రి పనిచేసి నేరుగా మైదానానికి వచ్చేవాడు. బౌండరీ దగ్గర నిలబెడితే బంతికీ బంతికీ మధ్య గొంతుక్కూర్చునేవాడు. అతను కూర్చున్నప్పుడల్లా శీను మైదానంలో పెట్టిన లౌడ్‌స్పీకరులో అనేవాడు, "అరే, రాజన్నకు బిర్యానీ మత్తెక్కింది!" ఆ మాట అందరికీ నచ్చింది. రాజుకూ నచ్చింది. లేచి మావైపు చెయ్యి ఊపేవాడు.

ఆ ఆదివారం అతను ట్యాంకర్ వైపు బౌండరీలో ఉన్నాడు. నేను మెడ తిప్పేసరికి మోకాళ్ళ మీద ఉన్నాడు. ఒక చెయ్యి నేల మీద ఆనించాడు. తర్వాత పక్కకు ఒరిగాడు. ఆ రోజు జోకు వేసిన నాలుక నాది. "చూడండి, ఇవాళ రాజుగారు కూర్చోవడం కాదు, ఏకంగా పడకే వేసేశారు! ఎంత తిన్నారో!" అన్నాను. శీను విరగబడి నవ్వాడు. హోటల్ పేరు రెండుసార్లు చెప్పాను. మైదానంలో ఉన్నవాళ్ళు అటు చూసి, లౌడ్‌స్పీకరులో నవ్వు విని, వాళ్ళూ నవ్వి, ఆటలో పడ్డారు. మైదానాన్ని మా మాటల్లోంచి చూడటం ఆటగాళ్ళకూ అలవాటైపోయింది. ఆ ఓవరులో మిగిలిన బంతులన్నీ వేశారు. ఓవరు అయ్యాక అందరూ చోట్లు మారారు. రాజు మారలేదు. అప్పుడు ఎవరో పరుగెత్తారు.

గుండె ఆగిపోయిందన్నారు. కాస్త ముందు పరుగెత్తి ఉంటే బతికేవాడా అని నేను ఏ డాక్టర్‌నూ అడగలేదు. అడగకపోవడం కూడా నా తప్పుల్లో ఒకటి.

ఆ మధ్యాహ్నం గదిలో కూర్చుని వీడియో ఒక్కసారి చూశాను. తెర అంచున చిన్నగా రాజు ఉన్నాడు. మోకాళ్ళు, చెయ్యి, ఒరగడం. దానిమీద నా గొంతు. చెరిపేశాను. అడిగినవాళ్ళకు నెట్‌వర్క్ పోయి వీడియో నిలవలేదని చెప్పాను. శీను ఆ మాటను కాదనలేదు. వారం తర్వాత కంపెనీ మారి షార్జా వెళ్ళిపోయాడు.

రాజు ఉన్న శవపేటికను ఊరికి పంపే ముందురోజు కరుణ ఫోన్ చేసింది.

"అన్నయ్యా, నేనండి, రాజు వాళ్ళక్కని. ఒక్కటి అడుగుతానండి, కోప్పడకండి."

"అడగమ్మా."

"మీరూ శీనుగారూ నవ్వించేరు కదండి, పడకేసేడని. నేను గిన్నెలు తోముతా గట్టిగా నవ్వేనండి. ఏంటని మేడమ్ వచ్చి అడిగింది కూడాను. ఆడు పడిపోయింది ఆ తర్వాతేనాండి?"

ఒక్క క్షణం. నిజం చెప్పడానికి ఆ క్షణం చాలు. అబద్ధానికీ చాలింది.

"ఆ తర్వాతేనమ్మా."

"హమ్మయ్య" అంది. ఆ హమ్మయ్యను నేను మోయలేకపోతున్నాను.

"అయితే అప్పుడు మిక్సీ ఏసేనండి. అందుకే ఇనపళ్ళేదు. మీరు సెప్పే ఉంటారు. ఏం సెప్పేరో నాకొక్కసారి సెప్పండన్నయ్యా. మునపట్లాగ."

మునపట్లాగ. ఆ మాటకు నేను కూలిపోయి ఉండాల్సింది. కూలలేదు. గొంతు సవరించుకున్నాను. మళ్ళీ నాకు నా పాత గొంతు వచ్చింది. "బంతి గాలిలోకి లేచిందమ్మా. ట్యాంకర్ వైపు. గాలి లోపలికి వీస్తోంది. రాజు వెనక్కి నడుస్తున్నాడు, ఎండ కళ్ళల్లో పడుతోంది, ఒక చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. రెండడుగులు ఎడమకు జరిగాడు…"

"పట్టేడా అన్నయ్యా?"

"పట్టాడమ్మా. పట్టుకునే పడిపోయాడు. వెంటనే అందరూ చుట్టూ చేరారు."

నా జీవితంలో నేను చెప్పిన అత్యుత్తమ వ్యాఖ్యానం అదే. జరగని బంతికి. కళ్ళముందు జరిగినదాన్ని చూడకుండా వీపు తిప్పినవాడు, జరగనిదాన్ని ఇంత వివరంగా చూడగలిగాడు. చదువు నాకు నేర్పింది ఇదేనా?

అది అక్కడితో పోలేదు. ప్రతి మే నెలలో వాళ్ళ ఊళ్ళో రాజు జ్ఞాపకార్థ కూడిక పెట్టేవారు. కరుణ నన్ను ఫోన్‌లో కలిపేది. ఊళ్ళో ఫోన్‌ను మైకు దగ్గర పెట్టేవారు. నేను ఆ క్యాచ్‌ను మళ్ళీ చెప్పేవాణ్ణి. "నా కొడుకు పట్టుకునే పోయేడు" అని వాళ్ళమ్మ ఏడుస్తూ అనడం వినిపించేది. అందులో కొంచెం గర్వం కూడా ఉండేది. వాళ్ళకు ఓదార్పు ఇస్తున్నానని నన్ను నేను నమ్మించుకున్నాను.

ఒక కూడిక తర్వాత కరుణ మామూలు కబుర్ల మధ్య ఒక మాట అంది. ఆ రోజునుంచీ ఆమె మిక్సీ వేయడం లేదట. ఏదైనా చేత్తోనే దంచుతుందట. మేడమ్ విసుక్కుంటుందట. "ఆ మిక్సీ ఏయకపోతే ఆడి ఆఖరి బంతి ఇనుండేదాన్ని కదండి" అంది.

అంటే నేను ఇచ్చింది ఓదార్పు కాదు. నా నేరాన్ని ఒక వంటింటి యంత్రం మీదికి నెట్టి, దాన్ని ఆమె చేతులకు తగిలించాను.

తర్వాతి సెలవురోజున ఆమె ఉండే వీధి చివర బస్‌స్టాప్ దగ్గర కలిశాను. ఖర్జూరం పొట్లం తెచ్చింది నాకోసం. నిలబడే అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు. క్యాచ్ గురించి మాత్రం అడిగింది. బంతి అటు రాలేదమ్మా అన్నాను. అయితే తను నవ్వినప్పుడు తమ్ముడు నేలమీద ఉన్నాడా అని అడిగింది. అవునన్నాను. ఆమె తలమీద గుడ్డ సరిచేసుకుంది. బస్సు వచ్చింది. పొట్లం బెంచీ మీద వదిలి ఎక్కింది.

ఆ నిజం ఆమె కోసం చెప్పానా, నా కోసమా? మిక్సీ బరువు తీసి, తన నవ్వు బరువు పెట్టానా? నాకు తెలియదు. నన్ను క్షమించమని ఆమెను అడగలేదు. అడిగే హక్కు లేదని కాదు, అడిగితే ఆమెకు ఇంకొక పని చెప్పినట్టు అవుతుందని. మీనుంచి కూడా ఏదీ కోరను. ఈ మాటలు ఆమె ఒక్కతే మోయకూడదని రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది. అది నిజం.

ఆ తర్వాత నేను మైకు పట్టలేదు. ఈ ఏడాది మే నెలలో ఊళ్ళో కూడిక జరిగిందని విన్నాను. నాకు ఫోన్ రాలేదు.